రెక్కలమ్మ మీద పెట్టిన ఒట్టు

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. చూడగానే ఆపెయ్యమన్నాను. నా కళ్ళకు వెలుతురు ఎక్కువైందనుకుంది కాబోలు, వెలుతురు తగ్గించి మళ్ళీ ముఖం ముందు పెట్టింది. చదువుకున్న పిల్లలతో ఇదే తంటా. మనం వద్దన్నదానికి కూడా వాళ్ళ దగ్గర ఏదో ఒక ఉపాయం ఉంటుంది.

బొమ్మలో ఒక తెల్లతోలు పడుచు ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి ఉంది. రెండో కాలు గాలిలో ఉంది. మోకాళ్ళు దిగిన కుచ్చుల గౌను, తల చుట్టూ పూలు, వీపున తూనీగ రెక్కల్లాంటి పల్చటి రెండు రెక్కలు. వెనక చెట్లు, వాటి మీద వెన్నెల.

"ఈమె పరాయి దేశపు నాటకశాలలో నర్తకి అమ్మమ్మా," అన్నది మనవరాలు. "పందొమ్మిదో శతాబ్దంలో ఇట్లాంటి ఆటగత్తెల బొమ్మలు రాతి మీద గీసి, కాగితాల మీద అచ్చేసి, చేత్తో రంగులద్ది అమ్మేవాళ్ళు. ఇప్పుడు సినిమావాళ్ళ బొమ్మలు గోడలకు అంటించుకుంటారు చూడు, అట్లా." ఆ రెక్కలు పల్చటి గుడ్డతో చేసినవట. నడుముకు తీగ కట్టి పైకి లాగితే గాలిలో తేలినట్టు కనిపించేదట. వీటి మీద పిల్ల ఏదో పెద్ద వ్యాసం రాస్తున్నది.

నేను ఆ బొమ్మనే చూస్తుంటే, "ఏందమ్మమ్మా, నీకు తెలిసినామెనా?" అని నవ్వింది. తెలుసు అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఎనభై దాటినదాన్ని, ఇంకా సిగ్గెందుకని నన్ను నేనే తిట్టుకుని, నోటితో రానిది రాతలోనైనా వస్తుందేమోనని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా ఊరు నెల్లికుదురుకు కోసెడు దూరం. ఊరి నడుమ దొరగారి గడి, గడి వెనక గోడకు ఆనుకుని మా ఇల్లు. మా ఇంట్లో ఆడవాళ్ళు గడిలో ఆడేవాళ్ళు, మగవాళ్ళు మద్దెల వాయించేవాళ్ళు. ఊళ్ళో మా ఇంటికి ఇంకో పేరు ఉండేది. ఆ పేరు ఇక్కడ రాయను. అమ్మను కన్నతల్లిని అమ్మా నేనూ ఇద్దరం అవ్వా అనే పిలిచేవాళ్ళం. అవ్వ, అమ్మ, అమ్మ తమ్ముడైన మా మేనమామ, నేను, ఇంతే ఇల్లు. నాన్న ఎవరని ఒక్కసారి అడిగాను. అమ్మ తొక్కు నూరుతున్నది కాస్తా ఆపి, "ఇంకోపాలి అడుగకు" అన్నది. మళ్ళీ అడగలేదు.

ఆ రెక్కల ఆడది మా దేవత. గడి పెద్ద హాలులో, దొరల నిలువెత్తు పటాలకు ఎదురుగోడన, నల్లచెక్క చట్రంలో అద్దం వెనక ఉండేది. దొర తాత ఎప్పుడో సికింద్రాబాదులో ఒక తెల్ల అధికారి తన దేశం పోతూ సామాను అమ్ముకుంటే కొనుక్కొచ్చాడట. ఆ రోజు గడిలో ఆడుతున్నది మా అవ్వకు అవ్వ. ఆమె ఆ బొమ్మను చూసి ఆట ఆపి నేల మీద తల ఆనించి మొక్కిందట. "కాలు భూమికి ఆనకుంట ఆడుతున్నది. మనిషి అట్ల ఆడుతదా?" అన్నదట. దొర తాత పొట్ట పట్టుకుని నవ్వి, మీ దేవతను మీరే కొలుచుకోండి అన్నాడట. ఆనాటి నుంచి ఆమె రెక్కలమ్మ. అద్దం మీద కుంకుమ పెట్టీ పెట్టీ రెక్కలమ్మ ముఖం సగం ఎర్రబడింది. బొమ్మ కింద సన్నటి అక్షరాలు ఉండేవి. మంత్రమని అవ్వ చెప్పేది. మాలో ఎవరికీ చదవరాదు.

మా ఇంటి ఆడపిల్లకు పదకొండో ఏట రెక్కలమ్మ ముందు గజ్జె కట్టేవాళ్ళు. దానికి ఒక కట్టడి ఉంది. పిల్ల మేనమామ మద్దెల మీద మొదటి దెబ్బ వెయ్యాలి. ఆ దెబ్బ పడితేనే ముడి వెయ్యాలి. మేనమామ లేకపోతే, ఉండీ రాకపోతే, ఆ పిల్లకు గజ్జె లేనట్టే. ఎవరు పెట్టిన కట్టడో గాని, గడి దొరలు కూడా దాన్ని దాటలేదు. దాటితే అరిష్టమని వాళ్ళ ఆడవాళ్ళకూ భయమే.

నాకు గజ్జెలంటే పిచ్చి. మామ మద్దెలకు అన్నం, బూడిద కలిపి ముద్ద పెడుతుంటే ఆ పులిసిన వాసనకే నా కాళ్ళు ఆగేవి కావు. రెక్కలమ్మలా నిలబడాలని కాలివేళ్ళ చుట్టూ పాతగుడ్డ చుట్టుకుని గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచేదాన్ని. ఒకసారి అవ్వ కుట్టి పెట్టిన మోదుగాకు విస్తర్లు రెండు ఎత్తుకెళ్ళి, వీపుకు తాడుతో కట్టుకుని, గొడ్లకొట్టం అరుగు మీది నుంచి దూకాను. చీలమండ ఇంత లావున వాచింది. అవ్వ ఆముదం వెచ్చబెట్టి రాస్తూ, "రెక్కలమ్మ అంటే ఊకెనే అయితరా పోరీ" అని నవ్వింది. మామ అయితే వారం రోజులు నన్ను విస్తరాకుల పిట్టా అని పిలిచాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. నా రెక్కలు తీసి పొయ్యిలో పెట్టింది. ఆకులు చిటపటమని కాలాయి. ఆ రోజు మక్కగటుకలోకి పచ్చిపులుసు చేసింది. ఎంత పిలిచినా నేను అలిగి తినలేదు.

తర్వాత ఎప్పుడో నా తల దువ్వుతూ అన్నది: "గజ్జెలు కట్టినంక నీ కాళ్ళు నీయి గావు బిడ్డా. గడి పిలిచినప్పుడల్ల పోవాలె. ఆట అయినంక గూడ ఇంటికి రానియ్యరు." నాకు సగమే అర్థమైంది. గడిలో ఉండిపోతే రోజూ వరి బువ్వ దొరుకుతుంది కదా అని మనసులో అనుకున్నాను. మా ఇంట్లో వరి బువ్వ పండక్కి మాత్రమే. ఆ తెలివిని ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మామ అప్పటికే దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరాడు. చేరింది అమ్మ కోసమే. తన అక్క గజ్జె కట్టుకున్న రోజు అతనికి ఆరేళ్ళు. ఆ మర్నాటి నుంచి అక్క నవ్వడం చూడలేదని ఒకసారి అవ్వతో అంటుంటే విన్నాను. నా పదకొండో ఏడు దగ్గర పడుతుంటే అవ్వ గజ్జెల మాట ఎత్తింది. మామ తింటున్న కంచం పక్కకు జరిపాడు.

"ఆ దెబ్బ నేను కొట్ట," అన్నాడు. "నేను కొట్టకుంటే ఎట్ల కడ్తరో చూస్త."

"అమ్మవారికి కోపమొస్తది కొడుకా," అన్నది అవ్వ.

"రానియ్యి. అక్కకు గింత జరిగితె రాని కోపం ఇప్పుడొస్తదా?"

అవ్వ చెవులు మూసుకుంది.

ఆ ఏడే ఊరు ఊరంతా గడి మీదికి పోయింది. దొర కుటుంబాన్ని తీసుకుని పట్నం పారిపోయాడు. జనం ధాన్యం కొట్లు తెరిచి అందరికీ పంచారు. అప్పు కాగితాలు తగలబెట్టారు. గడిలోని ఒక్క చెంబైనా ఎవరూ ఇంటికి తీసుకుపోవద్దని సంఘం మాట. అందరూ ఆ మాట మీద నిలబడ్డారు, ఒక్క మా అవ్వ తప్ప. హాలులోకి వెళ్ళి రెక్కలమ్మను దింపి, కొంగు కప్పుకుని, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చింది. మామ మండిపడ్డాడు.

"సొమ్ము తెచ్చుకోలేదు కొడుకా, దేవుణ్ణి తెచ్చుకున్న," అన్నది అవ్వ.

"గామె ముంగటనే గదా అవ్వా నా కాళ్ళకు కట్టింది," అన్నది అమ్మ. "పొయ్యిల పెడ్త."

పెట్టనివ్వలేదు అవ్వ. బొమ్మ మా ఇంటి వెనక అర్రలో, ధాన్యపు గుమ్మి పక్కన నిలబడింది.

ఆ కొన్ని నెలలు మా ఇంట్లో ఉన్న సుఖం మళ్ళీ ఎన్నడూ చూడలేదు. సంఘపు పెద్ద ఒకాయన మా వాకిట్లో గడంచె మీద కూర్చుని, ఇక ఈ ఇంటి ఆడపిల్లలు గడి గడప తొక్కరని నలుగురి ముందు చెప్పాడు. అమ్మ తలుపు చాటున నిలబడి విన్నది. ఆ రోజు సర్వపిండి చేసింది. గిన్నె అంచుకు అంటుకున్న మాడు ముక్క కోసం మామా నేనూ కొట్లాడుకున్నాం. మామ బొగ్గుతో గోడ మీద అక్షరాలు రాసి దిద్దించేవాడు. శివరాత్రికి కురవి జాతరకు తీసుకుపోయి రంగుల గాజులు కొనిచ్చాడు. వీరభద్రుడికి మొక్కేటప్పుడు ఏం కోరుకున్నావని అడిగాడు. చెప్పకూడదన్నాను. నేను కోరుకున్నది గజ్జెలు. ఇంట్లో అందరూ దేన్ని వదిలించుకున్నామని ఊపిరి పీల్చుకున్నారో దాన్నే నేను చేతులు జోడించి అడిగి వచ్చాను.

తర్వాత రజాకార్లు ఒక దిక్కు, ఆ వెనకే మిలటరీ. రజాకార్లు పోయారని ఊరు సంబరపడేలోపు, మిలటరీ లారీ ముందు సీట్లో కూర్చుని మా దొర తిరిగొచ్చాడు. తెల్ల టోపీ పెట్టుకున్నాడు. అంతకుముందు తలపాగా ఉండేది, అంతే తేడా. మిలటరీ గడిలోనే దిగింది. గడి వస్తువు ఎవరింట్లో దొరికితే వాళ్ళు సంఘపోళ్ళే అని చాటింపు వేయించారు. మామ అప్పటికే అడవి పట్టుకుని గుట్టల వైపు వెళ్ళిపోయాడు.

"ఇప్పుడన్న కాల్చెయ్యి అవ్వా," అన్నది అమ్మ. "దొరికితే ఇల్లు మిగులది."

అవ్వ రెండు రోజులు తిండి మానేసి ఆలోచించింది. మూడో రోజు తలస్నానం చేసి, రెక్కలమ్మ అద్దం తుడిచి కొత్త కుంకుమ పెట్టి, నాకు పసుపు కుంకుమల పళ్ళెం ఇచ్చి, బొమ్మను నెత్తిన పెట్టుకుని పట్టపగలు గడికి బయలుదేరింది. అమ్మ అడ్డం పడింది. "అమ్మవారు ఆమె ఇంటికి ఆమె పోతాంది. నడుమ నువ్వెవ్వలు?" అని తోసేసి నడిచింది. పళ్ళెం పట్టుకుని నేను వెనక.

దొర వసారాలో కూర్చుని బత్తాయిపండు ఒలుస్తున్నాడు. అవ్వ బొమ్మను కుర్చీలో నిలబెట్టి, నేల మీద పడి, "నీ బాంచెన్ దొరా, అమ్మవారిని కాపాడి తెచ్చిన. నా కొడుకును కాపాడు" అన్నది. దొర బొమ్మను చూశాడు, నన్ను చూశాడు. నన్ను చాలాసేపు చూశాడు.

"పిల్లకు ఏండ్లెన్ని?"

"పదకొండు నిండుతయి దొరా."

"మరి గజ్జె కట్టించు. నీ కొడుకును వచ్చి మద్దెల కొట్టుమను. నా కాళ్ళు మొక్కి తన పని తను చేసుకుంటే, నేను మిలటరీవాళ్ళకు చెప్త. ఎవ్వడు ముట్టడు."

అవ్వ లేచి నిలబడింది. ఆమె జన్మలో దొరను నిలబడి అడిగింది ఆ ఒక్కటే. "ఒట్టు పెట్టు దొరా. రెక్కలమ్మ మీద చెయ్యి పెట్టి చెప్పు."

దొర పండు పక్కన పెట్టాడు. అతని పెదవి పక్కన నవ్వు లాంటిది కదలడం నాకు కనిపించింది. అవ్వ కళ్ళు మూసుకుని మొక్కుతున్నది కాబట్టి చూడలేదు. తొనల రసంతో తడిసిన చెయ్యి అద్దం మీద పెట్టి, "నీ కొడుకు మీద ఎవ్వని చెయ్యి పడది. సరేనా?" అన్నాడు.

అవ్వ ఏడుస్తూ ఇంటికి వచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నది. రెక్కలమ్మ మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే మనిషి ఈ భూమ్మీద పుట్టలేదని ఆమెకు గట్టి నమ్మకం. నాకూ అంతే. అమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని, "ఆమెకు బొట్టు పెట్టేది మనం. ఆయన పెట్టడు గదనే అవ్వా" అన్నది. ఆ మాట అవ్వకు ఎక్కలేదు.

మామకు కబురు ఎట్లా? తండా నుంచి కట్టెలమోపు తెచ్చి అమ్మే ఒక లంబాడీ ఆమె ఉండేది. మామ ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. పెద్దవాళ్ళు ఊరు దాటితే మిలటరీ ఆపుతుంది. చిన్నపిల్ల తునికిపండ్లకు పోతే ఎవరూ అడగరు. అందుకని అవ్వ నన్ను ఆమె వెంట పంపింది. "దొర రెక్కలమ్మ మీద ఒట్టేసిండు, పున్నమినాడు వచ్చి మద్దెల కొట్టమను" అన్నది. నేను గడప దాటి వంట అర్ర వెనకకు వచ్చేసరికి అమ్మ నన్ను పట్టుకుంది. నా రెండు భుజాలూ గట్టిగా పట్టుకుంది.

"అవ్వ చెప్పింది చెప్పకు. నేను చెప్పింది చెప్పు. రావద్దను. నేను సచ్చిన్నని తెలిసినా రావద్దను. ఏమని చెప్తవు, చెప్పు."

"రావద్దని చెప్త."

"ఎవ్వలు చెప్పిన్రని?"

"అమ్మ చెప్పిందని."

అమ్మ నా నుదురు ముద్దు పెట్టుకుంది. ఆమె అట్లా చేసే మనిషి కాదు.

ఎండ అప్పుడే ముదురుతున్నది. దారంతా ఇప్పపువ్వు రాలి మత్తు వాసన. ఆ కట్టెలామె వాళ్ళ భాషలో ఏదో పాడుకుంటూ ముందు నడిచింది. నేను నడుస్తూ ఆలోచించాను. మామ రాకపోతే దెబ్బ లేదు. దెబ్బ లేకపోతే గజ్జె లేదు. దొర ఒట్టు పెట్టాడు కదా, మామకు ఏమీ కాదు కదా, మరి అమ్మకు ఎందుకింత పంతం? నా విస్తరాకు రెక్కలు కూడా అమ్మే కాల్చింది. పదకొండేళ్ళ పిల్ల బుద్ధి ఎంత దూరం పోతుందో అంత దూరం పోయాను.

ఒక బండరాయి చాటున మామ ఉన్నాడు. గడ్డం పెరిగి బక్కచిక్కిపోయాడు. నన్ను చూసి, "ఏమే విస్తరాకుల పిట్టా" అని తన తువ్వాలలో ఉన్న తునికిపండ్లు ఒళ్ళో పోశాడు. నేను తింటూ అవ్వ చెప్పింది చెప్పాను. అతను విని నవ్వాడు.

"అవ్వకు పిచ్చి. ఆ బొమ్మ మీద ఒట్టంట. నేను రానని చెప్పు," అన్నాడు. ఇంకో రెండు పండ్లు ఏరి ఇస్తూ, "అక్క ఏమన్నది?" అని అడిగాడు.

నా నోట్లో పండు ఉంది. గింజ ఊసి చెప్పాను. "అమ్మ గూడ రమ్మన్నది."

మామ ముఖంలో నవ్వు పోయింది. "అక్క రమ్మన్నదా? నిజంగ?"

తల ఊపాను.

"అక్క రమ్మన్నదంటే ఇంట్ల ఏదో ఉన్నది," అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "అక్కను ఏమన్న చేస్తున్నరా వాళ్ళు?" నేను ఇంకో పండు నోట్లో వేసుకున్నాను. మామ తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "వస్తనని చెప్పు" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ గుసగుసగా అడిగింది, చెప్పినవా అని. చెప్పానన్నాను. అవ్వ వేరేగా అడిగింది. వస్తనన్నడు అన్నాను. ఇద్దరూ ఎవరి నిశ్చింతలో వాళ్ళు ఉన్నారు. అవ్వ నువ్వుల ముద్దలు కట్టింది. అమ్మ వాటిని చూసి కూడా కంగారు పడలేదు. తమ్ముడు రాడు, దెబ్బ పడదు, గజ్జె ఉండదని ఆమె ధైర్యం.

పున్నమి పొద్దున అవ్వ నా పాదాలకు పసుపు రాసింది. గడి నుంచి వచ్చిన ఎర్ర లంగా కట్టింది. హాలులో సాంబ్రాణి పొగ. రెక్కలమ్మ మళ్ళీ తన గోడ మీద ఉంది, మెడలో బంతిపూల దండతో. కింద ఎర్రగుడ్డ మీద గజ్జెలు. అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడింది. దొర కుర్చీలో కూర్చున్నాడు. నేను గజ్జెల మీది నుంచి చూపు తిప్పలేదు.

వెనక వాకిలిలోంచి మామ మద్దెల భుజాన వేసుకుని వచ్చాడు. ముందు అక్క కోసం చూశాడు. అమ్మ అతన్ని చూసింది. ఆమె ముఖం ఎట్లా అయిందో రాయడం నాకు చేతకాదు. మామ ఆ ముఖం చూశాడు, తర్వాత తల తిప్పి నన్ను చూశాడు. అతనికి అర్థమైంది. అంతా అర్థమైంది. ఇన్నేళ్ళలో ఆ చూపులో కోపం వెతికాను. కోపమే ఉంటే నాకు ఎంతో కొంత తేలికయ్యేది.

దొర చెయ్యి ఎత్తాడు. రెండు తలుపుల్లోంచీ సిపాయిలు వచ్చారు. మద్దెల కింద పడి దొర్లింది. మామ చేతులు వెనక్కి విరిచి కడుతుంటే అమ్మ పరుగెత్తుకొచ్చి, "నేను వద్దన్న గదరా. రావద్దని చెప్పి పంపిన గదరా" అని అతని అంగీ పట్టుకుని ఊపింది.

"ఔనక్కా, నువ్వు వద్దన్నవు," అన్నాడు మామ. "పిల్ల చెప్పింది. నేనే ఇనలే. ఎవ్వల్నేమనకు."

అవ్వ దొర కాళ్ళ మీద పడలేదు. ఎదురుగా నిలబడింది. "చెయ్యి పెట్టినవు దొరా. అమ్మవారి మీద చెయ్యి పెట్టినవు."

"ఏ అమ్మవారే?" అన్నాడు దొర. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అదొక నాటకాల ఆడది. తెల్లోల్ల దేశంల స్టేజీ మీద ఎగిరేది. కింద రాసింది నాటకశాల పేరు, అచ్చేసినోని పేరు. మీ ముసలిది మొక్కితే మా తాత నవ్విండు. మేమందరం నవ్వుకునేటోళ్ళం. మీకు తెల్వదా?"

మాకు తెలియదు. నాలుగు తరాలు ఆ అచ్చు కాగితానికి మొక్కి ఆడాం. మేము మొక్కుతుంటే వెనక కూర్చున్నవాళ్ళు నవ్వుకున్నారు.

మామను లారీలో మానుకోట వైపు తీసుకుపోయారు. ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నారే, ఆ ఊరు. అమ్మ అక్కడికి పోయి మిలటరీ క్యాంపు ముందు మూడు రోజులు కూర్చుంది. అట్లాంటి మనిషి మా దగ్గర లేడన్నారు. తర్వాత ఎవరో టేకుమట్ల వైపు అడవి ఊళ్ళో మద్దెల వాయించే మనిషిని చూశామన్నారు. భూపాలపల్లి దాటి ఎక్కడో. బస్సులు లేవు, అమ్మ నడిచే పోయింది. పాదాలు పగిలి నెత్తురు కారుతుండగా తిరిగొచ్చింది. అతను వేరే మనిషి. వయసు కూడా కలవలేదట.

నాకు గజ్జె కట్టలేదు. మొదటి దెబ్బ పడలేదు, ఇక వేసే మేనమామ లేడు. గడి ఆడవాళ్ళు అరిష్టమని భయపడి నన్ను లోపలికి రానివ్వలేదు. అమ్మ నన్ను తీసుకుని జనగామ చేరి, ఒక బియ్యం మిల్లులో చెరుగుడు పనికి కుదిరింది. తవుడు దుమ్ముకు దగ్గుతూ నన్ను చదివించింది. పంతులమ్మనయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, ఎవరి పిలుపుకూ పోకుండా నా ఇష్టానికి నేను బతికాను. మామ కోరుకున్నది అక్షరాలా జరిగింది. దానికి అతను చావనక్కరలేదు. నేను అమ్మ చెప్పింది చెప్పి ఉంటే అతను అడవిలోనే ఉండేవాడు, నాకు గజ్జె అప్పుడూ పడేది కాదు. ఈ సంగతి నేను ఎన్ని విధాలుగా తిప్పి చూసినా ఇట్లాగే ఉంటుంది.

అవ్వ మా వెంట రాలేదు. దొర ఏం చెప్పినా ఆమె నమ్మలేదు. రెక్కలమ్మ ఒట్టు తప్పినవాణ్ణి ఊరికే వదలదని, ఆ శిక్ష కళ్ళారా చూశాకే వస్తానని గడి వెనక ఇంట్లో కూర్చుంది. దొర పెద్ద పదవులు చేశాడు. మనవలను ఎత్తుకున్నాడు. పట్నంలో మంచి మంచం మీద నిద్రలో పోయాడు. అవ్వ అంతకు చాలా ఏళ్ళ ముందే ఎదురుచూస్తూనే పోయింది.

అమ్మ చాలా కాలం బతికింది. ఆ రోజు నుంచి చివరిదాకా ఆమెకు తమ్ముడి మీద ఒకటే కోపం. వంట చేస్తూ చేస్తూ ఆగి అనేది, నా పెళ్ళినాడు అన్నది, నా కొడుకు పుట్టిననాడు అన్నది. ఏ మంచి జరిగినా ఆ మాట అనకుండా ఉండలేకపోయేది. "వాడు నా మాట ఒక్కటి ఇంటే ఇయ్యాల ఈడ ఉండేటోడు." నేను లేచి వేరే పని చూసుకునేదాన్ని. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా తెచ్చుకున్నానో. చెబితే ఆమెకు తమ్ముడి మీద కోపం పోతుంది. పోయి ఎక్కడికి వస్తుందో నాకు తెలుసు. ఆమెకు మిగిలింది నేనొక్కదాన్నే అని సాకు చెప్పుకున్నాను. సాకే. భయం నాది.

జనగామ దవాఖానలో ఆఖరి రోజుల్లో ఆమెకు చూపు ఆనేది కాదు. చెయ్యి తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"వానికి నా మాట అంటె లెక్కలేదు బిడ్డా. అక్కనన్న ఇది లేదు. లేకుంటే అట్ల వస్తడా?" అన్నది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అడిగింది. "నువ్వు చెప్పినవు గద? నేను చెప్పినట్టె చెప్పినవు గద?"

"చెప్పిన అమ్మా," అన్నాను.